కిరాయి ఇంటి అడ్వాన్స్ చేజారకుండా: హనుమకొండ, వరంగల్ కిరాయిదారులకూ ఇంటి యజమానులకూ సమగ్ర మార్గదర్శి

పన్నెండేళ్ల కిందట నయీంనగర్‌లో ఒక ఇల్లు ఖాళీ చేసినప్పుడు యజమాని నా అడ్వాన్స్‌లోంచి ఆరు వేల రూపాయలు రంగుల ఖర్చు కింద పట్టుకున్నారు. మేము ఆ ఇంట్లో పాలు పొంగించిన నాడే వంటగది గోడ పెచ్చులూడి ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఆ సంగతి చూపడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు, ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం లేదు. అటు తరువాత మూడు ఇళ్లు మారాను, ఇప్పుడు మా ఇంటి పైపోర్షన్‌ను నేనే కిరాయికి ఇస్తున్నాను. ఈ రెండు వైపులా నిలబడి చూశాక నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, అడ్వాన్స్ తిరిగి వస్తుందా రాదా అన్నది ఇల్లు ఖాళీ చేసే రోజున కంటే చాలా ముందే, తాళంచెవి చేతికి వచ్చే వారంలోనే నిర్ణయమైపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి దశలకు ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి దశ: మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడం

అడ్వాన్స్ ఎంత తీసుకోవచ్చు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పడానికి కారణం, మన దగ్గర ఇళ్లన్నీ ఒకే చట్టం కిందికి రాకపోవడం.

తెలంగాణలో కిరాయి నియంత్రణ చట్టం ఒకటి ఉంది. 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టాన్నే రాష్ట్ర విభజన తరువాత మనం కొనసాగిస్తున్నాం. ఆ చట్టం ఏడవ సెక్షన్ ప్రకారం యజమాని ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, అంతకు మించి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నా ఆ షరతు చెల్లదు. కిరాయికీ అడ్వాన్స్‌కూ రసీదు పొందే హక్కును కూడా ఆ చట్టం కిరాయిదారుకు ఇచ్చింది. 1989లో గూడూరులోని మోడర్న్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే బలపరిచింది. ఒక నెలకు మించిన అడ్వాన్స్ యజమాని చేతిలో ఉండగా, కిరాయి బకాయి పడ్డాడన్న కారణంతో కిరాయిదారును ఖాళీ చేయించడం కుదరదని ఆ తీర్పు చెప్పింది.

ఇంత చదివి సంతోషపడే ముందు అదే చట్టంలోని ముప్పై రెండవ సెక్షన్‌ను చూడాలి. 2005లో చేసిన సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటిన భవనాలకూ, మిగతా పట్టణాల్లో 2,000 రూపాయలు దాటిన వాటికీ ఈ చట్టం వర్తించదు. గ్రేటర్ వరంగల్ గానీ, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ కార్పొరేషన్లు గానీ మొదటి లెక్కలోకి వస్తాయి. పరకాల, నర్సంపేట, జనగామ వంటి పట్టణాలు రెండవ లెక్కలోకి వస్తాయి. ఈ రోజుల్లో సుబేదారిలోనో, కిషన్‌పురలోనో రెండు గదుల పోర్షన్ కూడా 3,500కు దొరకడం కష్టం. కాబట్టి కరీమాబాద్, మట్టెవాడ వంటి పాత పేటల్లో ఏళ్ల తరబడి తక్కువ కిరాయికి సాగుతున్న పాత ఇళ్లను మినహాయిస్తే, మనలో చాలామందికి ఈ చట్టం రక్షణ అందదు.

వాట్సాప్‌లో తిరిగే మరో మాట, రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కేంద్రం చట్టం చేసిందన్నది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు రెండు నెలలు, ఇతర భవనాలకు ఆరు నెలలు అన్న పరిమితి ఉన్న మాట నిజమే. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్ర శాసనసభ దాన్ని చట్టంగా చేసుకున్నప్పుడే అది మన మీద అమలవుతుంది. బేరమాడేటప్పుడు న్యాయమైన కొలమానంగా దాన్ని చూపవచ్చు గానీ, కోర్టులో హక్కుగా అడగలేము.

ఇక మిగిలినవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1872 నాటి ఒప్పందాల చట్టం. ఈ రెండింటిలోనూ అడ్వాన్స్‌కు పైపరిమితి లేదు, తిరిగి ఇవ్వడానికి గడువు లేదు, దాని మీద వడ్డీ ప్రస్తావన లేదు. అంటే కిరాయి 3,500 దాటిన ఇంటికి మీరు సంతకం చేసే ఒప్పంద పత్రమే దాదాపుగా మీ చట్టం అవుతుంది. అందువల్ల మూడవ దశను దయచేసి రెండుసార్లు చదవండి.

రెండవ దశ: డబ్బు ఇచ్చే ముందు ఎవరికి ఇస్తున్నామో చూసుకోవడం

టూ-లెట్ బోర్డు మీద ఉన్న నంబరు యజమానిదే అయి ఉండాలని లేదు. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ల యజమానులు అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో ఉంటే ఇక్కడ బావమరిదో, పక్కింటి పెద్దమనిషో కిరాయి వసూలు చేస్తుంటారు. అడ్వాన్స్ వారి చేతికి ఇస్తే, తరువాత "డబ్బు నాకు అందలేదు" అని యజమాని అనడానికి ఆస్కారం ఉంటుంది. కరెంటు బిల్లు మీదా, కార్పొరేషన్ ఇంటి పన్ను రసీదు మీదా ఎవరి పేరు ఉందో చూడండి. ఆ పేరున్న వ్యక్తితో కనీసం వీడియో కాల్‌లోనైనా మాట్లాడి, వారి బ్యాంకు ఖాతాకే అడ్వాన్స్ పంపండి. వేరొకరు సంతకం చేస్తున్నట్లయితే వారికి ఆ అధికారం ఇచ్చిన పత్రం ప్రతి అడిగి తీసుకోండి. ఇల్లు అపార్ట్‌మెంట్ ఫ్లాటై, అడ్వాన్స్ పెద్ద మొత్తమైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం) తీసి తనఖా ఉందో లేదో చూడడం మంచిది. బ్యాంకు అప్పు తీరక ఇల్లు వేలానికి వస్తే ముందుగా నష్టపోయేది కిరాయిదారే.

డబ్బును నగదుగా ఇవ్వవద్దు. 20,000 రూపాయలు, అంతకు మించిన డిపాజిట్లను నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది, తీసుకున్నవారికే జరిమానా పడుతుంది; ఈ మాటను యజమానికి మర్యాదగా గుర్తుచేస్తే నగదు పట్టుదల తగ్గుతుంది. యూపీఐ ద్వారా పంపేటప్పుడు వివరాల గడిలో "ఇంటి డిపాజిట్, తిరిగి ఇవ్వవలసినది" అని రాయండి. మూడేళ్ల తరువాత ఆ నాలుగు మాటలే మీకు సాక్ష్యం కావచ్చు.

ఇల్లు కళ్లతో చూడకుండా, ఇంటర్‌నెట్‌లో ఫొటోలు చూసి బయానా పంపమని అడిగితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. యజమానులకు ఎదురయ్యే మోసం ఇంకొక రకం: సైన్యంలో పనిచేస్తున్నామని, బదిలీ మీద వస్తున్నామని చెప్పి, అడ్వాన్స్ అందుకోవాలంటే ఈ కోడ్‌ను స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి స్కాన్ చేయవలసిన పని గానీ, పిన్ కొట్టవలసిన పని గానీ ఎన్నడూ ఉండదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మూడవ దశ: ఒప్పంద పత్రం

మన దగ్గర వాడుక ఏమిటంటే, వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు ఒప్పందం టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించడం. పదకొండు నెలలు ఎందుకంటే, ఏడాదికి మించిన లీజును మాత్రమే రిజిస్టర్ చేయించాలన్నది అందరి నమ్మకం; అయితే రిజిస్ట్రేషన్ చట్టం, 1908కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ ప్రకారం మన దగ్గర ఎంత కాలానికి రాసిన లీజునైనా రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలలకైనా, మూడేళ్లకైనా ఒప్పందం రాసుకుని కేవలం నోటరీతో సరిపెడితే, అందులోని షరతులను రుజువు చేయడానికి కోర్టు ఆ పత్రాన్ని స్వీకరించకపోవచ్చు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఈ తేడా తెలియక ఎంతమంది ధైర్యంగా ఉంటారో చూస్తే బాధ కలుగుతుంది.

టైపింగ్ కేంద్రాల్లో ఉండే తయారు నమూనాలో సాధారణంగా "అడ్వాన్స్ రూ. …… ముట్టినది" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ వాక్యంతో వచ్చే చిక్కు చిన్నది కాదు. అడ్వాన్స్ అంటే ముందుగా కట్టిన కిరాయి అని ఒకరు, బయానా అని ఇంకొకరు, హామీ సొమ్ము అని మరొకరు అనవచ్చు. కాబట్టి నమూనాను పక్కన పెట్టి ఈ అర్థం వచ్చేలా రాయించండి: "కిరాయిదారు ఫలానా తేదీన యజమాని ఫలానా బ్యాంకు ఖాతాకు పంపిన రూ. 18,000 తిరిగి చెల్లించవలసిన సెక్యూరిటీ డిపాజిట్. ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజునే, లేదా గరిష్ఠంగా 7 రోజుల్లో, చెల్లించని కిరాయి, చెల్లించని కరెంటు, నీటి బిల్లులు, సహజ అరుగుదలకు మించి కిరాయిదారు వల్ల జరిగిన నష్టం, ఈ మూడింటిని మాత్రమే బిల్లులు చూపి మినహాయించుకుని, మిగతా మొత్తాన్ని యజమాని తిరిగి చెల్లించాలి."

ఈ పేరాలో "మాత్రమే" అన్న మాటను, "బిల్లులు చూపి" అన్న మాటను ఎవరు కొట్టివేయమన్నా ఒప్పుకోవద్దు. గడువు దాటితే నెలకు ఇంత వడ్డీ అని కూడా చేర్చగలిగితే మేలు. చట్టం తనంతట తాను వడ్డీ ఇవ్వదు కాబట్టి, రాసుకున్న వడ్డీకి విలువ ఎక్కువ.

రంగుల విషయం వేరే వాక్యంగా ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల కిరాయి రంగుల కింద పోతుందన్నది మన ఊళ్లో చాలా వాడల్లో నోటిమాట ఆచారం. చట్టంలో దానికి ఆధారం లేదు. ఒప్పందంలో రాసుకుంటే మాత్రం అది షరతు అవుతుంది. యజమాని దీనిపై పట్టుబడితే, నాలుగేళ్లు ఉన్నా నాలుగు నెలలు ఉన్నా ఒకటే మొత్తం అన్నది న్యాయం కాదని చెప్పి, ఉన్న కాలాన్ని బట్టి లెక్క కుదుర్చుకోండి. ఉదాహరణకు, కొత్తగా రంగులు వేసి ఇచ్చిన ఇంటిని ఏడాదిలోపు ఖాళీ చేస్తే ఖర్చులో సగం కిరాయిదారుది, మూడేళ్లు దాటితే ఏమీ లేదు అని రాసుకోవచ్చు. నేను మా ఇంటికి ఇలాగే రాస్తున్నాను.

ఇంకొక షరతు చాలా పత్రాల్లో కనిపిస్తుంది: ఆరు నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ మొత్తం పోతుందని. సంతకం చేశాం కదా అని దానికి పూర్తిగా తలవంచనవసరం లేదు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం ఉల్లంఘించినప్పుడు ఎదుటివారికి దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగనప్పుడు ముందుగా కట్టిన సొమ్మును జప్తు చేసుకోవడం కుదరదని స్పష్టం చేసింది. మీరు నాలుగో నెలలో వెళ్లిపోగా, ఇరవై రోజుల్లో యజమానికి వేరే కిరాయిదారు దొరికితే, వారికి కలిగిన నష్టం ఇంచుమించు ఆ ఇరవై రోజుల కిరాయి, ఏజెంటు రుసుము. ఆ మేరకు మినహాయించుకుని మిగతాది ఇమ్మని అడగడానికి మీకు ఆధారం ఉంది. అలాగని దీన్ని నమ్ముకుని షరతును చూసీ చూడనట్టు వదిలేయవద్దు, మొదట్లోనే కొట్టివేయించడం సులువు.

పదకొండు నెలలు గడిచాక కొత్త కాగితం రాసుకునేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. కొత్త పత్రంలో పాత డిపాజిట్ ఊసే ఉండదు, లేదా ఆ రోజే కొత్తగా ఇచ్చినట్లు రాస్తారు, బ్యాంకు లెక్కేమో పాత తేదీతో ఉంటుంది. "ఫలానా తేదీన చెల్లించిన డిపాజిట్ ఈ ఒప్పందం కింద కొనసాగుతుంది" అన్న ఒక్క వాక్యంతో ఆ చిక్కు తీరుతుంది. కొత్త కాగితం రాసుకోకుండానే కిరాయి ఇస్తూ, తీసుకుంటూ పోతే అది నెల నెలా సాగే కిరాయిగా కొనసాగుతుంది, డిపాజిట్ ఎక్కడికీ పోదు.

నాలుగవ దశ: సామాను దింపకముందే ఇంటిని నమోదు చేయడం

ఖాళీ ఇంట్లో అరగంట గడిపి ప్రతి గదినీ వీడియో తీయండి. గోడల మీది మేకులు, చెమ్మ మరకలు, పగిలిన టైల్, తలుపు గడియ, స్విచ్చు బోర్డులు, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో, బాత్రూం కుళాయిలకు పట్టిన బోరు నీటి ఉప్పు, దోమల జాలీలు, కరెంటు మీటరు మీది అంకె అన్నీ అందులో కనిపించాలి. ఆ తరువాత ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, గీజర్ ఉందా అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. యజమాని ఇష్టపడకపోతే అదే జాబితాను, ఫొటోలను ఆ రోజే వారి వాట్సాప్‌కు "ఇల్లు ఈ స్థితిలో అప్పగించుకున్నాం సార్" అని పంపండి. వారు అభ్యంతరం చెప్పకపోవడం తరువాత మీకు ఉపయోగపడుతుంది. ఫోన్ మార్చినా ఆ సంభాషణను చెరిపివేయవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టు ముందు పెట్టాలంటే నిర్దిష్ట ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని తేలికవుతుంది.

యజమానులకూ ఈ వీడియో అంతే అవసరం. పోయిన ఏడాది మా పైపోర్షన్‌లో వాష్‌బేసిన్ పగిలినప్పుడు, దిగిన రోజు వీడియో చూసి కిరాయిదారే తనంతట తాను డబ్బు ఇచ్చారు, మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

ఐదవ దశ: ఇంట్లో ఉన్నంత కాలం

డిపాజిట్ మీద ప్రభావం చూపే పనులు మధ్యలో మూడు నాలుగే ఉంటాయి. మరమ్మతు ఏదైనా మీ డబ్బుతో చేయించవలసి వస్తే ముందుగా యజమానికి సందేశం పంపి, బిల్లు దాచుకోండి. ఒప్పందం ప్రకారం యజమాని చేయించవలసిన మరమ్మతును తెలియజేసినా పట్టించుకోకపోతే, కిరాయిదారు చేయించి ఆ ఖర్చును కిరాయిలో పట్టుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది.

కరెంటు బిల్లులో ఏడాదికి ఒకసారి అదనపు వినియోగ డిపాజిట్ కనిపించవచ్చు, దాన్ని అందరూ ఏసీడీ అంటారు. అది ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఆ సర్వీసు నంబరు మీద జమ అయి ఉండే సొమ్ము. సర్వీసు యజమాని పేరున ఉన్నప్పుడు ఆ జమ కూడా వారిదే అవుతుంది. కాబట్టి కిరాయిదారు దాన్ని కట్టినట్లయితే, కిరాయిలో మినహాయించుకోవాలి లేదా ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌తో కలిపి అడగాలి. ఇది తెలియక వందలు, వేలు వదిలేసి వెళ్లినవారిని చాలామందిని చూశాను.

మీరు ఉండగానే ఇల్లు అమ్ముడుపోతే, కొత్త యజమానికి కిరాయి ఇవ్వడం మొదలుపెట్టే ముందు డిపాజిట్ ఎవరి దగ్గర ఉందో రాతపూర్వకంగా తేల్చుకోండి. పాత యజమాని ఆ మొత్తాన్ని అమ్మకపు లెక్కలో కొత్తవారికి సర్దుబాటు చేశారని, ఇకపై బాధ్యత కొత్తవారిదని ఇద్దరి సంతకాలతో ఒక లేఖ చాలు. యజమాని కాలం చేస్తే, ఆస్తి పొందిన వారసులు ఆ ఆస్తి మేరకు డిపాజిట్‌కు బాధ్యులు.

ఆరవ దశ: ఖాళీ చేస్తున్నామని చెప్పడం

ఒప్పందంలో ఒక నెల నోటీసు అని ఉంటే ఒక నెల, రెండు నెలలు అని ఉంటే రెండు నెలలు. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు సరిపోతుంది. నోటీసు రాతలో ఉండాలి, ఖాళీ చేసే తేదీ అందులో ఉండాలి.

మన దగ్గర ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వస్తుంది. జ్యేష్ఠం చివర ఖాళీ చేస్తామని చెప్పి, కొత్త ఇంట్లోకి ఆషాఢంలో వెళ్లకూడదని పెద్దలు అనడంతో శ్రావణం దాకా ఆగిపోతాం. ఈలోపు యజమాని వేరేవారి దగ్గర బయానా తీసుకుని ఉంటారు, వారు కూడా ఆషాఢం దాటాకే వస్తారు, ఆ నెల కిరాయి ఎవరిదన్న తగవు చివరికి అడ్వాన్స్ మీద పడుతుంది. పంచాంగం ముందుగా చూసుకుని నోటీసులో తేదీ వేయడం, తేదీ మారితే వెంటనే తెలియజేయడం ఇద్దరికీ మంచిది.

చివరి రెండు నెలల కిరాయి కట్టకుండా అడ్వాన్స్‌లో పట్టుకోమనడం చాలామంది చేసే పని. 1960 నాటి చట్టం వర్తించని ఇంట్లో అది మీ హక్కు కాదు, యజమాని ఒప్పుకుంటేనే కుదురుతుంది. యజమాని మీద నమ్మకం లేనప్పుడు అలా చేయాలనిపించడం సహజమే గానీ, కిరాయి ఎగవేసినవారిగా నోటీసు అందుకోవలసి వస్తుంది. వారు సరే అంటే ఆ సరే అన్న మాటను సందేశంగా తీసుకోండి.

తాళాలు అప్పగించే రోజు పగటి వెలుతురులో ఇద్దరూ కలిసి ఇల్లు చూడాలి. దిగిన రోజు వీడియో పక్కన పెట్టుకుని, అదే వరుసలో మళ్లీ వీడియో తీయాలి. మీరు బిగించుకున్న ఏసీ, అల్మారా వంటివి ఇల్లు మీ స్వాధీనంలో ఉండగానే తీసుకోవచ్చు, గోడను మాత్రం పూర్వస్థితికి తేవాలి. మీటరు అంకెను ఫొటో తీసి, చివరి నెల బిల్లును అప్పటికప్పుడు లెక్క కట్టి చెల్లించండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు పొందుతున్నవారు తమ రేషన్ కార్డును ఆ సర్వీసు నంబరు నుంచి తొలగించి, కొత్త ఇంటి నంబరుకు మార్పించుకోవాలి. లేకపోతే తరువాత దిగేవారికీ మీకూ ఇబ్బంది.

ఏడవ దశ: ఏది పట్టుకోవచ్చు, ఏది పట్టుకోకూడదు

ఈ తగవంతా తిరిగేది ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోని ఒక చిన్న నియమం చుట్టూ. ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నారో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి; సహజ అరుగుదల వల్ల, మనిషి ఆపలేని శక్తుల వల్ల వచ్చిన మార్పులకు మాత్రం కిరాయిదారు బాధ్యుడు కాడు.

ఎండకు వెలిసిన రంగు, క్యాలెండర్ మేకుల గుర్తులు, అరిగిన కుళాయి వాషర్, వానకు పైకప్పు నుంచి దిగిన చెమ్మ, కాలం తీరిన ట్యూబులైటు సహజ అరుగుదల. రోలు పడి పగిలిన టైల్, పిల్లలు రంగు పెన్సిళ్లతో నింపిన గోడ, విరిగిన కమోడ్, ఊడదీసుకుపోయిన ఫ్యాన్, నీళ్లు లేకున్నా గంటల తరబడి వదిలేసి కాల్చేసిన మోటారు కిరాయిదారు బాధ్యత. బాధ్యత ఉన్న చోట కూడా కొత్త వస్తువు పూర్తి ధర అడగడం సమంజసం కాదు. ఎనిమిదేళ్ల పాత గీజర్ మీ పొరపాటు వల్ల చెడిపోతే యజమానికి పోయింది ఎనిమిదేళ్ల పాత గీజరే, ఆ విలువే నష్టం.

మనిషి ఆపలేని శక్తుల సంగతి ఓరుగల్లు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ ఎన్ని కాలనీల్లో ఇళ్లలోకి నీరు చేరిందో, ఎందరు కట్టుబట్టలతో బయటికి వచ్చారో చూశాం. వరద నీటికి ఉబ్బిన తలుపులు, నానిన గోడలు, కాలిపోయిన వైరింగు ఖర్చును కిరాయిదారు డిపాజిట్‌లోంచి పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వరద వల్ల ఇంట్లో గణనీయమైన భాగం పూర్తిగా పాడై, నివాసానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, లీజును రద్దు చేసుకునే అవకాశాన్ని కూడా అదే సెక్షన్ కిరాయిదారుకు ఇస్తుంది. తన సామానంతా పోగొట్టుకున్న కుటుంబం దగ్గర యజమాని గోడల ఖర్చు అడగడం నేను కళ్లారా చూశాను; అటువంటి వేళ ఈ నియమం తెలిసిన ఒక్క మనిషి పక్కన ఉంటే చాలు.

ఎనిమిదవ దశ: డబ్బు ఇవ్వకపోతే

మొదట ఫోన్ కాకుండా ఉత్తరం. డిపాజిట్ ఎంత, ఎప్పుడు ఇచ్చారు, ఇల్లు ఎప్పుడు అప్పగించారు, ఒప్పుకునే మినహాయింపులు ఏవి, మిగిలింది ఎంత, 15 రోజుల్లో చెల్లించకపోతే ఆ తేదీ నుంచి వడ్డీతో సహా అడుగుతాము అని క్లుప్తంగా రాసి, వాట్సాప్‌లోనూ, అందినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులోనూ పంపండి. వడ్డీ మాట రాయడం మరువవద్దు. 1978 నాటి వడ్డీ చట్టం కింద, వడ్డీ కోరుతూ ఇచ్చిన రాతపూర్వక నోటీసు తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. చాలా తగవులు ఈ ఉత్తరంతోనే తీరుతాయి. తీరకపోతే వకీలు ద్వారా నోటీసు.

ఆ తరువాత నేరుగా దావా వేయడం కంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టడం మేలని నా అభిప్రాయం. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. యజమానిని పిలిపించి రాజీకి ప్రయత్నిస్తారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పది, ఇరవై వేల రూపాయల తగవుకు ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే మార్గం నాకు కనిపించలేదు.

రాజీకి యజమాని రాకపోతే సివిల్ కోర్టులో డబ్బు రాబట్టే దావా వేయాలి. యజమాని హైదరాబాద్‌లో ఉన్నా, ఇల్లు, ఒప్పందం ఇక్కడివే కాబట్టి ఇక్కడి కోర్టులోనే వేయవచ్చు. కాలపరిమితి మూడేళ్లు; దాన్ని తాళాలు అప్పగించిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే ప్రమాదం ఉండదు. కిరాయి 3,500 లోపు ఉండి 1960 నాటి చట్టం వర్తించే ఇంటివారు మాత్రం ముందుగా ఆ చట్టం తెలిసిన వకీలును కలవాలి, వారికి ఉన్న రక్షణలు వేరు.

పోలీసుల దగ్గరికి వెళ్లే ముందు ఆలోచించండి. డిపాజిట్ తిరిగి ఇవ్వకపోవడం సాధారణంగా సివిల్ తగాదా, పోలీసులు దాన్ని వసూలు చేసిపెట్టలేరు. ఇల్లు తనది కాకపోయినా తనదని నమ్మించి డబ్బు తీసుకోవడం, ఒకే పోర్షన్‌కు ముగ్గురి దగ్గర అడ్వాన్స్ తీసుకోవడం వంటి చోట్ల మాత్రం అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. సామాను బయట పడేయడం, కరెంటు కోసేయడం యజమాని చేయకూడని పనులు, అలాగే డబ్బు ఇచ్చేదాకా తాళాలు ఇవ్వనని కిరాయిదారు మొండికేయడం కూడా పనికిరాదు, ఆ రోజులకు కిరాయి మీద పడుతుంది.

హాస్టళ్లలో ఉండే విద్యార్థుల సంగతి కొంత వేరు. అక్కడ మంచం, భోజనం కలిపి ఇచ్చేది లీజు కంటే సేవకు దగ్గర. అందువల్ల డిపాజిట్ ఎగవేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేసే మార్గాన్ని పరిశీలించవచ్చు. రసీదు లేకుండా ఆ డబ్బు కట్టవద్దని ఊరి నుంచి పిల్లలను పంపే తల్లిదండ్రులకు నా విన్నపం.

డబ్బు చేతికి అందిన రోజున మిగిలే పని ఒక్కటే. "ఫలానా ఇంటి సెక్యూరిటీ డిపాజిట్ రూ. 18,000లో కరెంటు బిల్లు రూ. 640 పోగా రూ. 17,360 ఈ రోజు ఖాతాకు అందింది, తాళాలు అప్పగించాము" అని ఇద్దరూ సంతకం చేసిన కాగితం చెరొకటి ఉంచుకుని, పాత ఒప్పంద పత్రంతో పాటు కనీసం మూడేళ్లు భద్రపరచండి.